వరుసలో ఏడో మనిషి

మీసం ఉండాలి, నలభై దాటి ఉండాలి, మరీ పొడుగూ కాకూడదు మరీ పొట్టీ కాకూడదు, మొహాన గాట్లూ మచ్చలూ ఉండకూడదు, అలాంటివాళ్ళు తొమ్మిది మంది కావాలట, ఎనిమిది మంది దొరికారట, ఇంకొక్కడి కోసం కానిస్టేబులు మా బైండింగ్ షాపు గుమ్మంలో నిలబడి నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, “అన్నా, సరిగ్గా సరిపోయావు, ఒక్క గంట రా,” అన్నాడు. కోర్టు పుస్తకాలు మా దగ్గరికి బైండింగుకి తెచ్చేది అతనే, పదేళ్ళ పరిచయం. దేనికని అడిగాను. గుర్తింపు వరుసకి, పట్టుకున్నవాణ్ణి అతని లాంటివాళ్ళ మధ్యలో నిలబెడతారు, దెబ్బలు తిన్నాయన వచ్చి చూసి ఎవరో చెప్తాడు, ఊరికే నిలబడటమే నీ పని, కాళ్ళు లాగుతాయి తప్ప ఇంకేం లేదు అన్నాడు. ఏ కేసు అని అడగకుండా ఉంటే బాగుండేది. అడిగాను. “బ్రెడ్డు వ్యాను కేసు,” అన్నాడు. చేతిలో దబ్బనం ఉంది, కుడుతున్న పుస్తకంలోకి అది ఎంత లోతుకు దిగిందో నాకు తెలియలేదు. కాదనడానికి నోరు తెరిచాను. పనుంది అనొచ్చు, నడుం పట్టేసింది అనొచ్చు. కానీ రానన్నవాడి మొహం పోలీసువాడికి గుర్తుండిపోతుంది, సరేనన్నవాడిది గుర్తుండదు. నెలా పది రోజులుగా నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే, ఎవరికీ గుర్తుండకుండా ఉండటం. లోపల్నుంచి ఓనరు, “వెళ్ళిరావయ్యా, వాళ్ళతో మనకి రోజూ పనుంటుంది,” అన్నాడు. చేతుల జిగురు కడుక్కుని బయల్దేరాను.

కోర్టు భవనం మా వీధి చివరే. మేడ మీద పొడుగాటి గది, రెండు కిటికీలు, ఒక బల్ల, గోడ పక్కన నేల మీద సుద్దతో గీసిన గీత, గీత మీద ఒకటి నుంచి పది దాకా అంకెలు. ఎవరో అంకెల్ని చాలా ముద్దుగా రాశారు, పిల్లల పలక మీద రాసినట్టు. అప్పటికే వచ్చిన ఎనిమిది మందీ కిటికీ దగ్గర నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. టీ కొట్టాయన, దర్జీ, కింద జిరాక్సు మిషను నడిపే ఆయన, మిగతావాళ్ళు రోజూ వీధిలో కనిపించే మొహాలే. “మనందర్నీ నేనే తీశాను జిరాక్సు, అసలు కాపీ ఎక్కడుందో నాకే తెలీదు,” అన్నాడు జిరాక్సాయన, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నా నవ్వు నాకే వినిపించింది. ఈమధ్య నేను నవ్వినప్పుడల్లా, ఎవడో అరువు తెచ్చుకుని నవ్వుతున్నట్టు ఉంటుంది. ఎండ కిటికీలోంచి పడి సరిగ్గా ఏడో అంకె మీద ఆగింది. పదకొండు కావస్తోంది. మేజిస్ట్రేటు గారు రావాలి, నిందితుణ్ణి తేవాలి, కాసేపు కూర్చోండి అన్నారు. కూర్చుంటే ఆ రోజు గుర్తొస్తుందని నిలబడ్డాను. నిలబడితే మాత్రం రాకుండా ఉంటుందా.

ఆ రోజు పొద్దున ఒక ఫారం తలకిందులైంది. పదహారు పేజీలు మడిచిన ఆ ఒక్క ఫారాన్నీ తిరగేసి కుట్టేశాను, ఒకటి కాదు, రెండు వందల పుస్తకాల్లో. ముప్పై ఏళ్ళ పనిలో ఎన్నడూ లేని తప్పు. ఓనరు ఒక పుస్తకం తెరిచి నా మొహం ముందు పెట్టి, “చదువు, పైకి చదువు, తలకిందులుగా నిలబడి చదువుతావో ఎలా చదువుతావో చదువు,” అన్నాడు. అతను నాకంటే పన్నెండేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న దగ్గర నేను పనిలో చేరినప్పుడు ఇతను బల్ల కింద గుడ్డముక్కలు ఏరుకుని ఆడుకునేవాడు. మడత బల్ల దగ్గర ఆడవాళ్ళు తలలు వంచుకుని పని చేస్తున్నట్టు కనిపించారు, కానీ చేతులు కదల్లేదు, వింటున్నారు. “రేపటికల్లా విప్పి కుట్టేస్తాను బాబూ,” అన్నాను. బాబూ అని ఎందుకు అన్నానో, ఆ మాట మధ్యాహ్నం దాకా నాలుక మీద బంకలా అంటుకునే ఉంది. ఇదంతా ఇప్పుడు ఎవరికి చెప్పుకుంటున్నాను? పొద్దున ఒక మనిషి నన్ను తిట్టాడు గనక సాయంత్రం ఇంకో మనిషి కన్ను పోయింది అని చెప్పదల్చుకున్నానా? అలా చెప్తే ఏ జడ్జీ ఒప్పుకోడు. నేనూ ఒప్పుకోను. కానీ తల అటే వెళ్తుంది, ఆ ఫారం దగ్గరికే, అక్కడ తలకిందులైంది గనకే మిగతాదంతా తలకిందులైందన్నట్టు.

నాలుగున్నరకి షాపు నుంచి బస్టాపుకి నడుస్తున్నాను. మలుపులో బళ్ళు ఆగిపోయాయి, హారన్లు, జనం. బ్రెడ్డు వ్యాను అడ్డంగా ఉంది, వెనక తలుపులు తెరిచి ఉన్నాయి, ట్రేలు కింద పడి రొట్టెలు రోడ్డంతా దొర్లాయి. ముసలావిణ్ణి గుద్దేశాడు అన్నారెవరో. చంపేశాడు అన్నారు ఇంకెవరో. ఆ ముసలావిడ పేవ్‌మెంటు మీద కూర్చుని సోడా తాగుతోంది. నేను ఆవిడ పక్కనుంచే నడిచాను, నా చెవులతో విన్నాను, “నన్నెవరూ గుద్దలేదు నాయనా, కళ్ళు తిరిగి పడ్డాను, అతనే బండి ఆపి నన్ను లేపాడు,” అంటోంది, సోడా ఇచ్చినవాడికి చెప్తోంది, వాడు కూడా వినకుండా గుంపు వైపే చూస్తున్నాడు. విన్నాను కదా. విని ముందుకే ఎందుకు నడిచాను? ఈ ఒక్క ప్రశ్నని నెలా పది రోజులుగా అన్నివైపులా తిప్పి చూస్తున్నాను. తెలియక కొట్టినవాళ్ళు ఆ గుంపులో చాలామంది ఉండి ఉంటారు, వాళ్ళకి ఒక మాట ఉంది చెప్పుకోవడానికి. నాకు లేదు.

బయట్నుంచి చూస్తే గుంపంటే వీపులే. దగ్గరికి వెళ్తే అవే వీపులు పక్కకి జరిగి దారిస్తాయి. నాకు ఎవరూ ఎప్పుడూ అలా దారివ్వలేదు, బస్సులో కాదు, ఆఫీసుల్లో కాదు, మా షాపులో అసలే కాదు. కళ్ళజోడు, జేబులో రెండు పెన్నులు, ఇస్త్రీ చొక్కా, పెద్దమనిషి వచ్చాడు జరగండి అన్నట్టు జరిగారు. మధ్యలో వ్యాను డ్రైవరు, ముప్పై అయిదేళ్ళుంటాయేమో, మోకాళ్ళ మీద ఉన్నాడు, ఒక చెయ్యి నేల మీద ఆనించి, పెదవి పగిలి ఉంది. తలెత్తి అందర్నీ చూసి నా దగ్గర ఆగాడు. “సార్, మీరైనా చెప్పండి సార్,” అన్నాడు. అందరూ నా వైపు చూశారు. కొట్టేవాళ్ళు కూడా ఆగారు. ఒక్క క్షణం, నిజంగానే ఒక్క క్షణం, అక్కడ నా మాటకి విలువుంది. ముసలావిడ బాగానే ఉందండీ, నేనిప్పుడే చూసొచ్చాను. ఇంతే, అయిదు మాటలు, అవి నోట్లోకి వచ్చేశాయి కూడా. వాళ్ళందరూ నా మొహంలోకి చూస్తున్నారు, ఆ మాటలు అంటే వాళ్ళు నన్ను ఎలా చూస్తారో నాకు ముందే కనిపించింది, పొద్దున మడత బల్ల దగ్గర చూడకుండా చూసినట్టు. అప్పుడు కాలు లేచింది. కాలు లేచింది అంటున్నాను, లేపాను అనడం లేదు, ఇన్నాళ్ళుగా నాలో నేను చెప్పుకునేటప్పుడు కూడా ఆ వాక్యంలో నేను ఉండను, కాలొక్కటే ఉంటుంది, తనంతట తను లేస్తుంది. లేపాను. తన్నాను. ఒక్కసారి. ఎక్కడ తగిలిందో తెలియదు. మెత్తగా తగిలింది. అతను పక్కకి ఒరిగిపోయాడు, ఆగినవాళ్ళందరూ మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి ఇందాకటిలా కాదు, పెద్దమనిషే కానిమ్మన్నాడు అన్నట్టు.

ఎవరో వెనకనుంచి నా కాలరు పట్టుకుని లాగారు. “చచ్చిపోతాడ్రా, ఆగండ్రా,” అని అరుస్తున్నాడు ఎవరో, కాలరు చిరిగింది, వెనక్కి పడబోయి నిలదొక్కుకున్నాను, కాలి కింద ఒక రొట్టె నలిగింది. అంత మెత్తనిది నాకు జన్మలో కాలికి తగల్లేదు, కాదు, తగిలింది, అర నిమిషం ముందు. ఒకావిడ సంచిలో రొట్టెలు ఏరుకుంటోంది, మట్టి అంటినవి పక్కన పెట్టి మంచివి ఏరుకుంటోంది. నేను తల వంచుకుని బయటికొచ్చి బస్సెక్కాను. సీటు దొరికింది. రెండో స్టాపులో చంకన బిడ్డతో ఒకమ్మాయి ఎక్కితే లేచి సీటిచ్చాను. “థాంక్సండీ, ఈ రోజుల్లో ఎవరిస్తున్నారు,” అంది. ఇల్లు చేరేదాకా ఆ మాట నన్ను తన్నుతూనే ఉంది.

ఇంటికెళ్ళాక మా ఆవిడ చిరిగిన కాలరు చూసి బస్సులో తోపులాటా అని అడిగింది. ఊఁ అన్నాను. మర్నాడు పేపర్లో వచ్చింది, ఎడమ కన్ను పోయింది, మూడు పక్కటెముకలు విరిగాయి. మూడింట్లో ఒకటి నాదని నాకు నేనే కేటాయించుకున్నాను. కన్ను నాది కాదని గట్టిగా నమ్ముతాను. నమ్మడానికి ఏ ఆధారమూ లేదు, పక్కటెముకతో బతకొచ్చు, కన్నుతో బతకలేను, అందుకని నమ్ముతాను. షాపులో టీలు తాగుతూ అందరూ దాన్నే మాట్లాడుకున్నారు, మనుషులా పశువులా అన్నారు, “అలాంటివాళ్ళని లోపలేసి కుళ్ళబొడవాలి,” అన్నాను నేను. ఓనరు కూడా తలూపాడు. ఆ సాయంత్రం మా ఆవిడ చెల్లెలు ఫోన్లో ఒక వీడియో పంపింది. కూరలు తరుగుతూ చూస్తోంది మా ఆవిడ, నేను గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నాను. కత్తి చప్పుడు ఆగింది. వీడియోలో అన్నీ వీపులే, నాకు తెలుసు, తర్వాత నేనూ చాటుగా చూశాను, కొట్టినవాళ్ళ మొహం ఒక్కటీ లేదు. కానీ ఇరవై రెండేళ్ళుగా ఉతికిన వీపు, ఇస్త్రీ చేసిన వీపు, మొహం ఉండాల్సిన పనేముంది. నా వైపు చూడలేదు. ఫోను బోర్లించి మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. రెండ్రోజుల తర్వాత ఆ చొక్కా అల్మారాలో లేదు. ఏదని అడిగాను. “పాతదైపోయింది, తుడుచుకోడానికి చింపేశాను,” అంది. కొని నాలుగు నెలలు కాలేదు. అంతకుముందు నేను దగ్గరికొస్తే, “మనిషి వస్తున్నాడో జిగురు డబ్బా వస్తోందో తెలీదు బాబూ,” అని ముక్కు మూసుకుని నవ్వేది. ఇప్పుడు అనదు. అడగదు, తిట్టదు, ఏడవదు. అన్నం పెడుతుంది. ఆవిడ ఒక్కసారి అడిగితే చెప్పేసేవాణ్ణేమో. అడిగితే చెప్పాల్సి వస్తుందనే అడగడం లేదేమో. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకే విషయం చుట్టూ, తడి నేల మీద నడిచినట్టు, మెల్లగా నడుస్తున్నాం.

తలుపు తెరుచుకుంది. కానిస్టేబులు ఒకతన్ని తీసుకొచ్చాడు. మా అందరిలాగే ఉన్నాడు, మీసం, నలభై అయిదేళ్ళు, కాస్త వంగిన భుజాలు. గోళ్ళ అంచుల్లో తెల్లరంగు. ఇళ్ళకి రంగులేసే మనిషి, నెల రోజులు జైల్లో ఉన్నా ఆ రంగు పోలేదు. నీకిష్టమైన చోట నిలబడొచ్చు, అది నీ హక్కు అని చెప్పాడు కానిస్టేబులు. అతను మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, నేను ఏడో అంకె మీద నిలబడి ఉంటే ఆరో అంకె మీదికి వచ్చి, “మీ పక్కన నిలబడతానన్నా, మీరు నెమ్మదస్తుల్లా ఉన్నారు,” అన్నాడు. ఆ గొంతు. వీడియోలో గొంతు వినపడదు, ఒట్టి గోల, కానీ నాకు వినపడింది, నా మెడ వెనక, కాలరు చిరుగుతుండగా.

మేజిస్ట్రేటు గారు ఇంకా రాలేదు. కానిస్టేబులు గుమ్మం అవతలికి వెళ్ళాడు. రంగులాయన నా వైపు తిరక్కుండానే చిన్న గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టాడు, ఎవరితోనైనా మాట్లాడి చాలా రోజులైనవాడిలా. “ఆపబోయినందుకన్నా నేనిక్కడున్నది. వీడియోలో అందరూ అతని మీదికి వంగి ఉన్నారు, అందరివీ వీపులు. నేనొక్కణ్ణే ఇటు తిరిగి చేతులు చాపి ఆగండి ఆగండి అంటున్నాను. నా మొహమొక్కటే పడింది. చేతులు చాపి రెచ్చగొడుతున్నాననుకున్నారు.” మరి కొట్టినవాళ్ళెవరో చెప్పలేకపోయావా అని అడిగాను. అడిగింది నేనే, నా నోరే. “ఏం చెప్పను, నాకూ వీపులే కనిపించాయి. ఒకణ్ణి కాలరు పట్టుకుని లాగాను కూడా, మొహం చూసేలోపు పోయాడు. మా ఆవిడ అంటుంది, నీకెందుకొచ్చింది, అందరిలా నువ్వూ నీ దారిన పోతే ఈపాటికి ఇంట్లో ఉండేవాడివి కదా అని. నిజమేనంటారా?” నేను గోడకి ఆనుకున్నాను. గోడకి కొత్తగా సున్నం వేశారు, నా వీపంతా తెల్లగా అయి ఉంటుంది. ఇప్పుడు చెప్పొచ్చు. ఇతనికొక్కడికి చెప్పొచ్చు, చెవిలో చెప్పినా చాలు. నిజం కాదు తమ్ముడూ, మీ ఆవిడ మాట నిజం కాదు అన్నాను. ఎంత మంచి మాట. పెద్దమనిషి మాట. అతను చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

మేజిస్ట్రేటు గారు వచ్చారు, ఆవిడకి జలుబు చేసినట్టుంది, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని పోలీసులందర్నీ బయటికి పంపేశారు. గుమాస్తా బల్ల దగ్గర కాగితాలు సర్దాడు. ఎవరూ మాట్లాడకూడదు, తల వంచకూడదు, ఎదురుగా చూడాలి అన్నారు. తర్వాత వ్యాను డ్రైవర్ని పిలిచారు. చేతికర్ర లేదు, కానీ కర్ర ఉన్నవాడిలా నడిచాడు, ఒక్కో అడుగూ నేలని అడిగి వేస్తున్నట్టు. ఎడమ కన్ను మీద తెల్లటి కట్టు. చొక్కా వదులైపోయింది. ఒకటో అంకె దగ్గర ఆగాడు, టీ కొట్టాయన్ని చూశాడు, రెండుకి వచ్చాడు. ఒంటి కన్నుతో చూసేవాడు మొహం మొత్తం తిప్పి చూస్తాడు, పక్షి చూసినట్టు, అందుకని ప్రతి మనిషి ముందూ అతని చూపు రెట్టింపు సేపు ఉన్నట్టనిపిస్తుంది. మూడు. నాలుగు. రంగులాయన మీద ఆనాలి ఆ చూపు, ఆనితే నాకు విడుదల. ఆ మాట నా తలలోకి వచ్చింది. వచ్చింది అని మళ్ళీ అంటున్నాను. నేననుకున్నాను. నన్ను కాలరు పట్టి బయటికి లాగిన మనిషి, నా పక్కన నా మంచితనం చూసి నిలబడిన మనిషి, అతను లోపలికి పోవాలని రెండు క్షణాల పాటు మనసారా కోరుకున్నాను. ఆ తన్ను గురించి నేను ఎన్నేళ్ళు సిగ్గుపడినా, ఈ రెండు క్షణాల సిగ్గు దానికంటే పెద్దదిగా ఉండబోతోందని అప్పుడే తెలిసింది.

రంగులాయన్ని చూశాడు. దాటాడు. నా ముందుకొచ్చాడు. ఆగాడు. నేను ఎదురుగా చూస్తున్నాను, చూడమన్నారు కదా, అతని ఉన్న కన్ను గోధుమరంగులో ఉంది, దాని అంచున చిన్న ఎర్ర జీర. నా మీసం, నా కళ్ళజోడు, నా జేబులోని పెన్నులు ఒక్కొక్కటే చూశాడు. ఎనిమిదికి వెళ్ళాడు, తొమ్మిది, పది, మళ్ళీ వెనక్కి వచ్చాడు. చెయ్యెత్తి నా భుజం మీద పెట్టాడు. “ఈయనమ్మా,” అన్నాడు.

“తొందర లేదు, సరిగ్గా చూసుకోండి,” అన్నారు మేజిస్ట్రేటు గారు.

“చూశానమ్మా. అందరి మొహాలూ చెప్పలేను గానీ ఈయన్ని చెప్పగలను. నేను ఈయన్ని సాయమడిగాను.”

అయిపోయింది అనుకున్నాను. చిత్రమేమిటంటే, ఒళ్ళు తేలికైంది, మెడ మీద ఇన్నాళ్ళుగా మోస్తున్న పుస్తకాలు నొక్కే ప్రెస్సు బిగింపుని ఒక చుట్టు వదులు చేసినట్టు. మేజిస్ట్రేటు గారు నా వైపు తిరిగి, “మీరేం చేస్తుంటారు?” అని అడిగారు. బైండింగు పనమ్మా, అన్నాను. ఎన్నాళ్ళుగా? ముప్పై ఏళ్ళుగా. ఎవరు తీసుకొచ్చారు? కానిస్టేబులు గారు, వరుసలో నిలబడమని. మూడు ప్రశ్నలు, మూడింటికీ నిజమే చెప్పాను, మూడు నిజాలూ కలిపి ఒక పచ్చి అబద్ధం. నాలుగోది అడుగుతారని చూశాను. ఆవిడ తుమ్మారు, రుమాలు మడిచారు, గుమాస్తాతో, “నిందితుణ్ణి గుర్తించలేదు, వేరే వ్యక్తిని తాకారు అని రాయండి,” అన్నారు మెల్లగా. గుమాస్తా రాశాడు. పెన్ను కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు నాకు వినిపించింది. నేనేనమ్మా అని అందామనుకుంటూనే ఆ వాక్యం పూర్తయ్యేదాకా నిలబడ్డాను, చుక్క పెట్టేదాకా.

బయట వరండాలో అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. సంతకాలు పెట్టి ఎవరి దారిన వాళ్ళు దిగిపోతున్నారు. “నీ మీద పడ్డాడేంటన్నా,” అని కానిస్టేబులు నవ్వాడు, “పాపం కన్నుతో పాటు బుర్ర కూడా దెబ్బతింది. పోన్లే, ఆ రంగులాయన బయటపడతాడు.” రంగులాయన్ని అటు తీసుకెళ్తుంటే ఆగి నా దగ్గరికొచ్చాడు. “నా మూలంగా మీకీ మాట వచ్చింది, ఏమనుకోకండన్నా,” అన్నాడు. అతను బయటపడుతున్నాడు, నేనూ బయటపడ్డాను, కాగితం మీద ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఇంతకంటే బాగా ఎవరు కుట్టగలరు. సంతకం పెట్టాను. మెట్లు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి.

మెట్లకి ముందు బెంచీ, బెంచీ మీద ఆ డ్రైవరు. వాళ్ళక్క కింద బండి మాట్లాడటానికి వెళ్ళిందట, వచ్చేదాకా కూర్చోమందట. నన్ను చూసి లేవబోయాడు, కట్టు ఉన్న వైపు బెంచీ చెయ్యి కనిపించక మోకాలు కొట్టుకున్నాడు. “సార్, ఒక్క నిమిషం,” అన్నాడు. పోలీసాయన చెప్పారు సార్, మీరు కోర్టువాళ్ళ తరఫున నిలబడ్డారట. నలుగురిలో మిమ్మల్ని పట్టుకుని ఈయనే అనేశాను. క్షమించండి.

“పర్లేదండీ,” అన్నాను.

పర్లేదు. ఇరవయ్యేళ్ళుగా బస్సులో కాలు తొక్కినవాళ్ళకి చెప్పే మాట. ఎంత సులువుగా వచ్చిందో, నాలుక ఎక్కడా తగల్లేదు. అతని చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది, దాన్నే చూస్తున్నాను.

“డాక్టరు ముందే చెప్పాడు,” అన్నాడతను. “తలకి దెబ్బ తగిలింది, గుర్తులు తారుమారవుతాయి, అన్నీ నమ్మకు అని. నేను వాదించాను. మిగతావి ఏమో గానీ ఆ ఒక్క మొహం మాత్రం తప్పు పోదన్నాను. పడుకుంటే అదే, లేస్తే అదే. కళ్ళు మూస్తే గీసి చూపించగలను సార్. ఇవాళ తెలిసింది, అదీ తప్పే. మరిప్పుడు ఏది నిజమో నాకెలా తెలుస్తుంది? ఆ ముసలావిణ్ణి నేను గుద్దలేదనే నాకు గుర్తు. అది కూడా నేను కల్పించుకున్నదేనేమో. నిజంగా గుద్దానేమో. ఇక్కడ కూర్చుని అదే అనుకుంటున్నాను.”

కింద వీధిలో ఎవరో బండిని వెనక్కి తీయిస్తున్నారు, రానీ రానీ అంటూ. అతని మొహంలో కోపం లేదు. అది ఉంటే నేను దిగిపోయేవాణ్ణని ఇప్పటికీ అనుకుంటాను. తనని తనే అనుమానించుకుంటున్న మనిషి మొహం అది, దొరికిన దొంగలా ముడుచుకుపోయిన మొహం, అది నాకుండాల్సిన మొహం, అతను మోస్తున్నాడు. కన్ను పోయింది, ఎముకలు పోయాయి, మిగిలిన తలనొక్కదాన్నీ ఈ పదకొండున్నర గంటలకి, ఇస్త్రీ చొక్కాతో నిలబడి, పర్లేదండీ అంటూ, నేను పట్టుకుపోతున్నాను.

“మీరు గుద్దలేదు,” అన్నాను. “ఆవిడ చెప్పగా నేను విన్నాను. కళ్ళు తిరిగి పడ్డానంది. మీరే లేపారంది.”

అతను మొహం మొత్తం నా వైపు తిప్పాడు.

“ఆ మొహం కూడా తప్పు కాదు. నేనే. మీరు నన్నే అడిగారు.”

నేను చెంపదెబ్బకి సిద్ధంగా ఉన్నాను, అరుపుకి సిద్ధంగా ఉన్నాను, రెండూ రాలేదు. “మరి ఎందుకండీ?” అని అడిగాడు. సార్ అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. తలకిందులైన ఫారం గురించి చెప్పడానికి నోరు తెరిచాను, ఓనరు, మడత బల్ల, బాబూ అన్న మాట, అన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి, అతని కట్టు చూశాను, మూసుకున్నాను. “తెలీదండీ,” అన్నాను. “మీరు నాకేం చెయ్యలేదు.”

అతను చెయ్యి చాపి గాలిలో వెతికి నా మణికట్టు పట్టుకున్నాడు. స్టీరింగు పట్టుకునే చెయ్యి, ఎముక దాకా దిగింది. లేచాడు. వరండా చివర మేజిస్ట్రేటు గారి గది తలుపు తెరిచే ఉంది, గుమాస్తా కాగితాలు కట్ట కడుతున్నాడు. నడుద్దామన్నట్టు లాగాడు. ముప్పై అడుగులుంటాయి. పది అడుగులు వేసేసరికి ఇంట్లో కూరలు తరిగే మా ఆవిడ కనిపించింది, షాపు కనిపించింది, రేపటి పేపరు కనిపించింది, నా కాళ్ళు మెల్లబడ్డాయి. కుడివైపు మెట్లు అలాగే ఉన్నాయి, ఒక్క విసురు విసిరితే ఒంటి కంటి మనిషి నన్నేం ఆపగలడు. ఆ సంగతి అతనికీ అదే క్షణంలో తట్టినట్టుంది, పట్టు ఇంకా బిగించాడు, నొప్పెట్టింది.

“వదలకండి,” అన్నాను.